డాక్టరు అడిగిన తోడు

బళేపేట, బెంగళూరు
జూలై 1961

అన్నా,

నువ్వు కోలారు బస్సులో పంపిన పెరుగు ముంత చేరింది. తప్పు నాదే. "డాక్టరు తోడు కావాలన్నారు, ఆలస్యం వద్దు" అని మాత్రమే రాశాను. సిగ్గేసి తక్కినది రాయలేకపోయాను.

టైఫాయిడ్ మందులకు మీ బావ కడుపులోని మంచి క్రిములు కూడా చచ్చిపోయాయట. విరేచనాలు ఆగడం లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం నీళ్లలో కలిపి, వడకట్టి, ఎనిమాగా ఎక్కిస్తే, పాలకు తోడేసినట్టు అవి మళ్లీ పుట్టొచ్చన్నారు డాక్టరు.

"మీ అన్నదయితే కానీలే, ఇంగెవురిదీ వద్దు" అన్నారు మీ బావ. నాలుగు రోజులు నీకోసం చూశాం. ముంత వచ్చింది.

చెయ్యి దాటిపోయింది, ఇప్పుడు తోడేసినా పేరుకోదని డాక్టరు పొద్దున చెప్పేశారు.

ఇక తోడు కావలసింది నాకు. ముంత పంపకు. నువ్వే రా.

నీ చెల్లెలు