ఇష్టమన్నాను గానీ పంపమనలేదు

విజయనగరం,
వేసవి మొదలు.

ప్రియమైన పాఠకులారా,

జీడితోటల మీదుగా వచ్చే గాలికి తీపి వాసన పట్టింది. కోట వెనక వీధిలో ఈశ్వరి గారి మేడ మీద గదిలో అద్దెకుంటున్నాను. పగలు బళ్ళో పిల్లలకు పాఠాలు, సాయంత్రం నవల. నవలలో ఒక అమ్మాయి, తనకు కలలో కనిపించే చోటును వెతుక్కుంటూ రైలెక్కింది. ఇంకా దిగలేదు. ఆమెను ఎక్కడ దించాలో నాకూ తెలియడం లేదు. రైలు మాత్రం హాయిగా పోతోంది.

ఈ ఋతువులో నాకిష్టమైనవి చెప్పనా? రేకుల కప్పు మీద వాన చప్పుడు. అది ఇంకా రాలేదు గనక మరీ ఇష్టం. తెల్లవారే ముందు, కల సగంలో ఉండగా, ఎక్కడో కూసే కోడి.

నవల పూర్తయితే కార్తీకంలో ఇక్కడి గ్రంథాలయంలో ఆవిష్కరణ సభ. అందరూ రావాలి.

కలలోంచి ఇంకా పూర్తిగా లేవని,
యమున

తా.క. ఈ ఉత్తరం అందరికీ ఒకటే. అచ్చు సరిగా పడనిచోట మీరే ఊహించుకోండి. నాకన్నా బాగా ఊహిస్తారు.

*

గజపతినగరం దగ్గర పల్లె నుంచి.

మేనకోడలు యమునకి అత్త తవిటమ్మ దీవెనలు. రాసేది బ్రాంచి పోస్టుమాస్టరు జోగయ్య. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

నీ కాయితం జోగయ్య సదివి ఇనిపించేడు. రేకు మీద వానంటే ఇష్టమని రాసేవు. ఓలమ్మ, మేడగదికి రేకు నేదు గావాల, పిల్ల బెంగెట్టుకుంది అనుకున్నాను. పశువుల సాల మీద రేకొకటి ఊడదీయించి విజయనగరం బస్సు మీదకి ఎక్కించేను. కోడిపుంజు కండక్టరు శివాజీ ఒళ్ళో ఉంటాది. దాని కాళ్ళు కట్టేను గాని నోరు కట్టనేదు. నీకు కూత కావాలి గదా.

ఇంకేటి కావాలన్నా మొహమాటపడకుండా రాయి.

ఇట్లు, ఇక్కడ పెట్టింది అత్త వేలిముద్ర.

తా.క. ఇది జోగయ్య మాట. రేకును ముందు పోస్టులోనే పంపమన్నారమ్మా. స్టాంపు అంటించడానికి చోటు చాలానే ఉంది గానీ, నా సైకిలుకి అంత ధైర్యం లేదు.

*

విజయనగరం.

అత్తా,

నీ ఫోను మోగుతోంది గానీ నువ్వు ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

రేకు మెట్ల మీద అడ్డంగా ఇరుక్కుంది. పుంజు వీధి దీపాన్ని చూసి సూర్యుడనుకుంటోంది. దీపం వెలిగినప్పుడల్లా కూస్తోంది. ఈశ్వరి గారు పైకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, “ఏటమ్మా, మేడ మీద సాల కడతన్నావా ఏటి? రేపు గేదొస్తాదా?” అని అడిగారు.

ఇష్టం వేరు, కావాలనడం వేరు అత్తా. కథలు రాసేవాళ్ళు ఋతువుకో ఉత్తరం రాసి తమకు నచ్చినవి చెప్పుకుంటారు. చదివినవాళ్ళు తమకు నచ్చినవి తలుచుకుంటారు. అక్కడితో సరి. మన పెరట్లో నులకమంచం మీద పడుకుని చుక్కలు చూడటం కూడా నాకిష్టమే. అలాగని ఎవరైనా మంచం పంపుతారా?

నీ మీద కోపంతో కాదు, ప్రేమతోనే,
యమున

తా.క. పుంజు నూకలు ముట్టడం లేదు. నా పెరుగన్నం తిని, నా నవల కాగితాల మీద పడుకుంటోంది. మొదటి అధ్యాయం దానికి నచ్చినట్టే ఉంది.

*

పల్లె నుంచి.

మేనకోడలు యమునకి అత్త తవిటమ్మ దీవెనలు.

నీ కాయితం అందింది. “ఎవరైనా మంచం పంపుతారా” అని అడిగేవు. ఎందుకు పంపం తల్లీ? పరాయోళ్ళమా? కొత్త నులక అల్లించి, మోహనకృష్ణ కూరగాయల వ్యాను మీద కట్టించేను. దారిలో ఆనపకాయలు దాని మీద పడుకుంటాయి, ఏటీ అనుకోకు.

మీ అమ్మ గాని నాను గాని ఒక్కరమూ బడి గుమ్మం తొక్కనేదు. మా ఇంట పుట్టి పుస్తకం రాసే పిల్ల నేల మీద కూకుని రాస్తే మా పరువేటి కావాల?

ఇట్లు, వేలిముద్ర. ఈసారి బాగా పడింది.

తా.క. జోగయ్య మాట. అది జవాబు కోసం అడిగింది కాదని చెప్పి చూశానమ్మా. “మరెందుకడిగింది?” అన్నారు.

*

విజయనగరం,
వానలు.

ప్రియమైన పాఠకులారా,

వానొచ్చింది. ఊరంతా ఎవరో నిద్రలో నవ్వుతున్నట్టుగా ఉంది. నేను నులకమంచం మీద కూర్చుని రాస్తున్నాను. అదెలా వచ్చిందన్నది వేరే కథ. రైల్లో అమ్మాయి కిటికీ చువ్వలకు నుదురానించి నిద్రపోయింది. లేపబుద్ధి కావడం లేదు. కానీ దసరాలోగా నవల అచ్చుకు వెళ్ళకపోతే కార్తీకంలో సభ ఉండదు.

ఈ ఋతువులో ఇష్టమైనవాటిని బస్సెక్కించలేని వాటిలోంచి ఏరుకున్నాను. వాన వెలిశాక కోటగోడ మీద పాకే నీరెండ. ఎక్కడో వరి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళ పాట, ముక్కలు ముక్కలుగా గాలిలో.

తడిసిన కిటికీ పక్కనుంచి,
యమున

తా.క. ఇందులో చెప్పిన ఏ ఇష్టమూ కోరిక కాదు. మిగతా పాఠకులకు ఈ మాట అర్థం కాకపోతే మన్నించాలి.

*

పల్లె నుంచి.

మేనకోడలు యమునకి అత్త దీవెనలు.

నీరెండ పంపడం నా సేత కాదు. జోగయ్యనడిగితే ఆడూ తెల్దన్నాడు. పాట మాత్రం వస్తన్నాది. కూర్మమ్మ, లక్ష్మణమ్మ, ఇంకా ఆటోలో పట్టినంతమంది. కాళ్ళ కింద తడి నేకపోతే పాట రాదంటన్నారు. మేడ మీద నీళ్ళు పోసి ఉంచు.

ఇట్లు, వేలిముద్ర.

తా.క. జోగయ్య మాట. ఈ ఉత్తరం కన్నా ఆటో ముందు చేరుతుందని భయంగా ఉంది.

*

విజయనగరం.

అత్తా,

ఆటోయే ముందు చేరింది.

నీళ్ళు వాళ్ళే పోసుకున్నారు. చీరలు ఎగదోపి, మేడ మీద వరసగా వంగి, లేని నారు నాటుతూ పాడారు. ఏం చెప్పను! కళ్ళు మూసుకుంటే ఈశ్వరి గారి మేడ మన మడి అయిపోయింది. నా రైలు ఆగింది. ఆ అమ్మాయి లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, మడిగట్టు మీదకు దిగింది. ఇన్ని నెలలు నాకు దొరకని చోటు అదే. ఏడుపొచ్చింది.

కళ్ళు తెరిచేసరికి ఈశ్వరి గారు. నీళ్ళు ఆవిడ వంటింట్లోకి దిగి పప్పులో పడ్డాయి. “నీ ఇష్టాలు నాను మొయ్యనేనమ్మా. ఈ నెలాఖరుకి గది ఖాళీ సెయ్యి,” అన్నారు.

ఇప్పుడు చివరి అధ్యాయం తెలుసు, రాయడానికి గది లేదు. గది పోతే నవల ఆగుతుంది, సభ ఆగుతుంది. నన్ను రెక్క పట్టుకుని బళ్ళో కూర్చోబెట్టింది నువ్వు. ఆ సభలో నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టాలన్నది ఎప్పటి నుంచో నా కల. అత్తా, దయచేసి ఇంకేమీ పంపకు. ఫోను ఎత్తు. సభకు మాత్రం నువ్వు రా.

నీ యమున

తా.క. కూర్మమ్మ పిన్ని వెళ్తూ వెళ్తూ, “ఒలే, వచ్చేపాలి కోతల పాట ఇష్టమని రాయే, పండగలాగ వస్తాం,” అంది. చచ్చినా రాయను.

*

పల్లె నుంచి.

మేనకోడలు యమునకి అత్త తవిటమ్మ దీవెనలు.

నిన్న ఈశ్వరమ్మతో ఫోనులో మాటాడేను. అవును, నా ఫోను బాగానే ఉన్నాది. ఇంక నా సేతి మీద ఏటీ రాదని ఒట్టేసేను. సల్లబడింది. పుస్తకం అయ్యేదాకా గదిలో ఉండమంది. రాసుకో.

ఇప్పుడు ఒక మాట సెప్తాను, తిట్టకు. ఇష్టమంటే పంపమని కాదని నాకు మొదట్నించీ తెలుసు. సదువుకోనేదు గాని ఎర్రిదాన్ని కాదు. వానంటే ఇష్టమన్న పిల్లకి రేకు ఎవులు పంపుతారే?

నీ అచ్చుకాయితం వచ్చినప్పుడల్లా “పాఠకులారా” అని ఉంటాది. ఆ పాఠకులెవులో నాకు తెల్దు. నాను సదవనేను గదా, నాను కాదు. కోడిని పంపితే “అత్తా” అని వచ్చింది, నీ సేతిరాత. మంచం పంపితే మళ్ళీ అచ్చుదే వచ్చింది. సాలనేదనుకుని ఆటో కట్టించేను. ఇప్పుడొచ్చింది సూడు, కాయితం! రెండు వైపులా! జోగయ్య సదివి సదివి గొంతు పోగొట్టుకున్నాడు. ఫోనులో మాట అప్పుడే అయిపోతాది అమ్మీ. కాయితమైతే దిండు కింద ఉంటాది.

సభకి నాను రాను. వస్తే అన్నీ నా ఎదురుగానే అయిపోతాయి, నువ్వు నాకు ఏటి రాస్తావు? ఎవులొచ్చేరు, నువ్వు ఏ సీర కట్టేవు, సప్పట్లు గట్టిగా కొట్టేరా నేదా, ఆ పిల్ల రైలు దిగేక ఏటయ్యింది, అన్నీ రాయి. పెద్దది రాయి.

ఇట్లు, అత్త వేలిముద్ర.

తా.క. జోగయ్య మాట. సభకు నేను తప్పక వస్తున్నానమ్మా. కానీ అక్కడ చూసిందాంట్లో ఒక్క ముక్క కూడా ఆవిడకు చెప్పకూడదని నాచేత ప్రమాణం చేయించుకున్నారు.