అన్నం తినడానికి గడువు

ఏలూరు, కొల్లేటి తీర గృహసేవా కేంద్రం అధికారి వారి సముఖమునకు,
కొల్లేటి లంకలో చేపల చెరువు కాపలాదారు సత్తిబాబు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మంచాన ఉన్నవారికి అన్నం తినిపించుటకు తమరు విధించిన అరగంట గడువును ఎత్తివేయుట గురించి.

1. మా అక్క వెంకటనరసమ్మకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయినది. మింగుట కష్టమైనది. నేను తినిపించబోగా పొలమారి, ఊపిరాడక కళ్లు తేలేసినది. నాటి నుండి ఆమెకు ముద్ద పెట్టుటకు నాకు ధైర్యము చాలలేదు. కావున తమ కేంద్రమును ఆశ్రయించితిమి.

2. తమరు పంపిన సేవకురాలు ప్రసన్నలక్ష్మి, మా అక్కను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, మెత్తగా పిసికిన చారన్నం చెంచాతో పెట్టి, గుటక పడేవరకు ఆగేది. "తొందరేం లేదండి పిన్నిగారూ" అనేది. అక్క కాస్త ఒళ్లు చేసింది. నవ్వింది కూడా.

3. తదుపరి, ఒక్కొక్క ఇంట అరగంటకు మించి ఉండరాదని ఉత్తర్వు వచ్చినది. ప్రసన్నలక్ష్మి ఆ గడువు మించినది. ఆమెను నల్లజర్ల వైపు మార్చినారు. బదులుగా భార్గవి వచ్చినది. మంచి పిల్ల. కానీ ఒక కన్ను గడియారం మీదే.

4. అక్క నాలుగు చెంచాలకే "చాలమ్మా, కడుపు నిండిపోయింది" అనేది. ఒకరోజు భార్గవి వెళ్లాక అడిగాను.
"ఏంటక్కా, నువ్వు తిననే లేదు?"
"ఆ పిల్లకింకా చాలా ఇళ్లున్నాయిరా. నా మూలాన చీవాట్లు తినాలా?"
"మరి నీకు ఆకలెయ్యట్లేదా?"
అక్క గోడవైపు మొహం తిప్పుకుంది.

5. ఈ సంగతి తమ కార్యాలయమునకు ఫోనులో విన్నవించగా, "పేషెంటే చాలన్నారు కదండీ" అని సెలవిచ్చినారు. అక్క చిక్కి చిక్కి, పోయిన వారం కన్నుమూసినది. స్నానం చేయించిన ఆడవాళ్లు, పసిపిల్లంత బరువుందన్నారు. అయ్యా, మా ఇంట బియ్యానికి లోటు లేదు. మా అక్క ఆకలితో పోయింది.

6. ఆమెకు ఇక ఏ సహాయమూ అక్కరలేదు. ఇదే లంకలో యోసేపుగారు మంచాన ఉన్నారు. ఆయననైనా తిన్నంతసేపు తిననిచ్చునట్లు ఉత్తర్వు మార్చి, ప్రసన్నలక్ష్మిని తిరిగి పంపవలెనని ప్రార్థన. చదివి పక్కన పెట్టక, దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సత్తిబాబు

తా.క. ఇది ముగిస్తుండగా భార్గవి వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. "నిండిపోయిందంటే నమ్మేశానండి బాబాయిగారూ" అని ఏడ్చింది. అన్నం తిన్నావా అమ్మా అంటే, పొద్దున్నుంచీ తీరలేదంది. చేయి పట్టుకుని తీసుకొచ్చి, పీట వేసి వడ్డించాను. నిదానంగా తినమన్నాను.