ఆశమ్మ కుర్చీ ఫోటో

అశోక్‌నగర్,
ఆదివారం

చిరంజీవి సుమంత్‌కు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. ఆయన మోకాలు క్షేమం, నా కోపం కూడా క్షేమం. అహ్మదాబాద్ ఎండల గురించి నువ్వేమీ రాయలేదు కాబట్టి బాగానే ఉన్నావనుకుంటున్నాను. ఫోన్ చేస్తే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు, నేను గొంతు పెంచుతాను, మీ నాన్న లేచి పక్క గదిలోకి పోతారు. అందుకే ఉత్తరం. దీనికి అడ్డం రాలేవు.

నువ్వు మూడు ప్రశ్నలు వేశావు. మొదటిది, నువ్వు ఇచ్చిపోయిన పాత కెమెరా అలవాటైందా అని. కాలేదు. మీ కాలేజీలో ఈ పాతకాలపు ఫిల్ము ఫోటోగ్రఫీని ధ్యానంలాంటిదని చెప్తారట. అలా చెప్పేవాళ్ల ఇళ్లల్లో వంట ఎవరు చేస్తారో ముందు కనుక్కో. రోలుకు పన్నెండు బొమ్మలే. ఆ రోలుకు డబ్బీ కూడా ఉండదు, ఉత్త కాగితం చుట్టు. వెలుతురు తగలకుండా మూలకు పోయి ఎక్కించాలి. కెమెరాకు రెండు లెన్సులు, పైది చూడటానికి, కిందిది తీయడానికి. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచుకుని పై అద్దంలోకి చూడాలి. అందులో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తాయి. జీవితమంతా ఎడమవైపు నిలబడ్డదాన్ని, మనిషిని మధ్యలోకి తెచ్చుకోవడానికి కుడికి జరగాల్సి వచ్చింది. నారాయణగూడలో ఒక స్టూడియోకు తీసుకుపోతే అతను అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, మ్యూజియమోళ్లకిస్తే శాలువ కప్పుతరు" అన్నాడు. ఫోన్‌లో తీసుకోవచ్చు కదా అని మీ నాన్న రోజూ అంటారు. ఆయన ఏ పనికైనా అడ్డదారే చూపిస్తారు.

రెండో ప్రశ్న, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ ఎట్లా పడిందని. నా నోటివల్ల పడింది.

మన వీధిలో పాత ఇల్లు పడగొట్టి హాస్టల్ కడుతున్నారు కదా. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల్ని ఎన్ని గదుల్లో కుక్కొచ్చో లెక్కలు వేసుకుని కడుతున్నారు. అక్కడ ఇటుకలు మోసే ఆశమ్మ మహబూబ్‌నగర్ దిక్కు మనిషి. నా వ్యాసాల పుస్తకానికి అట్టమీద ఆమె ఫోటో ఉండాలని పట్టుబట్టాను.

"పనిల ఉన్నప్పుడు తియ్యకు అక్కా," అంది. "పచ్చచీర కట్టుకొని వస్త, కుర్చిల కూసుంట, గప్పుడు తియ్యి."

"కుర్చిల అందరు కూసుంటరు ఆశమ్మా. నీ కష్టం కనవడాలె."

"నా కష్టం నాకు దినాం కనవడుతనే ఉన్నది. నీకు కనవడాల్నంటే రెండు ఇటుకలు మొయ్యి."

కుర్చీ మీద ఆమెకంత పట్టుదల ఎందుకో కూడా చెప్పింది. భర్త మాసయ్య పోయినప్పుడు లేబర్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించారట. ముఖం అలికినట్టయిపోయింది. ఊళ్లో మనవలు గోడ మీది తాతను చూసి "గీనెవరు" అని అడుగుతున్నారట. తనది అట్లా కాకూడదు. ఈ ఫిల్ము మీద బొమ్మ పెద్దగా పడుతుంది, గోడంత చేసినా ముఖం చెదరదని ఆమెకు గొప్పలు చెప్పింది నేనే. నాకు చెప్పింది నువ్వు.

సరే, పనిలోవీ తీస్తాను, చివర కుర్చీలోదీ తీస్తానని ఒప్పందమైంది. మీట నొక్కిన ప్రతిసారీ పక్కనున్న చక్రం తిప్పి ఫిల్మును జరపాలి. నెత్తిన ఇటుకలతో ఉన్నది తీశాక నేను తిప్పలేదు. ఆ సమయానికి శ్రమ గౌరవం మీద ఆశమ్మకు ఉపన్యాసం ఇస్తున్నాను. మరునాడు ఆమె పచ్చచీరలో, మన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. తీశాను. రెండు బొమ్మలూ ఒకే చోట పడ్డాయని తెలియక రోలు నీకు పంపాను.

నువ్వు కడిగి పంపిన బొమ్మను కిటికీ వెలుతుర్లో పెట్టి చూశాను. ఆశమ్మ దర్జాగా కూర్చుని ఉంది. ఆమె నెత్తిన ముందురోజు ఇటుకలు, ఇప్పుడో ఇంకాసేపటికో కూలబోయే గోడలా. ప్రచురిస్తున్న తేజ అయితే, "అక్కా, ముందుమాట వద్దు, ఇదే చాలు" అన్నాడు. నువ్వేమో మీ కాలేజీ ఎగ్జిబిషన్‌లో పెద్దది చేసి పెట్టానని రాశావు.

ఇక మూడో ప్రశ్న. నువ్వు చివర్లో చిన్న అక్షరాలతో రాశావు, నేను ఇంతదాకా దాటేస్తూ వచ్చాను. ఆశమ్మకు చూపించావా అని.

చూపించకుండానే తేజకు ఇచ్చాను. అట్ట నమూనా వచ్చాక, గర్వంగా, బహుమతి ఇస్తున్నట్టు తీసుకుపోయాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది. బొమ్మలో తన నెత్తిన ఉన్న ఇటుకల మీద వేలు పెట్టింది.

"కూసున్నంక గూడ దించనియ్యవా అక్కా?"

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా. ఇది పొరపాటున పడిందన్నాను. పొరపాటే అయినా నిజం చెప్తోందన్నాను. వ్యవస్థ అన్నాను. ఆమె అంతా విని అట్టను నా చేతిలో పెట్టింది.

"నీ రాతలు బుక్కుల రాసుకో. నా మొఖం మీద రాయకు," అని ఇటుకల దగ్గరికి పోయింది.

తేజతో బాగ్ లింగంపల్లిలో, మీటింగు హాలు మెట్ల మీద గొడవ పడ్డాను. "ఇష్టపడే కూసుంది కదక్కా, ఆమెను ఎవరు గుర్తుపడతరు?" అన్నాడు. ఈ మాటన్నందుకు పత్రికల్లో ఎంతమందిని ఉతికానో నీకు తెలుసు. అదే మాట నా నాలుక చివర కూడా ఉండింది. అందుకే ఇంకా ఒళ్లు మండింది. అట్ట ఆపించాను. ఇప్పుడు వట్టి అక్షరాలతో వస్తుంది. తేజ నాతో మాట్లాడటం లేదు.

ఇక నీ వంతు. ఎగ్జిబిషన్ గోడ మీద నుంచి దాన్ని దించు. కళ అని నాకు జవాబు రాయకు. అద్భుతమైన ఫోటో అని నాకూ తెలుసు, లేకపోతే ఇంత బాధ దేనికి? నెగెటివ్ కూడా పంపు. ఆశమ్మకు ఇస్తాను. ఉంచుకుంటుందో చింపుకుంటుందో ఆమె ఇష్టం.

దీనితోపాటు కొత్త రోలు పంపుతున్నాను. జాగ్రత్తగా కడుగు. బాగా వచ్చినదాన్ని ఆమె గోడకు సరిపడేంత పెద్దది చెయ్యి. మొన్న సెలవు రోజు పొద్దున ఆశమ్మను మన మేడ మీదికి పిలిచాను. వస్తుందనుకోలేదు. వచ్చింది. "ముందు చక్రం తిప్పు" అంది రాగానే. కూర్చుని, కొంగు సర్దుకుని, కాళ్లు చాపుకుంది. నేనేమీ మాట్లాడలేదు, నమ్మకపోతే మీ నాన్నను అడుగు. ఒక్కొక్కటి తీస్తూ, ఒక్కొక్కసారి చక్రం తిప్పుతూ పోయాను. రోలు అయిపోయింది. ఆమె లేవలేదు. ఎటో చూస్తూ, చేతులు ఒళ్లో వదిలేసి కూర్చుంది.

"ఇంకున్నయా అక్కా?" అని మెల్లగా అడిగింది.

ఉన్నాయన్నాను. తల వంచుకుని, ఆ ఖాళీ కెమెరాలోకి చూస్తూ నిలబడ్డాను.

ఇట్లు,
నీతో ఇంకా వాదించాల్సింది మిగిలే ఉన్న
మీ అమ్మ
విద్యావతి