కాటుక పాసైంది

శంషాబాద్,
14 జూన్ 1998

ప్రియమైన చెల్లాయి స్వరాజ్యానికి,

అక్కయ్య ఆశీస్సులు. నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి నెల దాటింది. ఏమిటి సంగతి? ఒంట్లో బాగాలేదా? మళ్ళీ మోకాళ్ళా? నిర్లక్ష్యం చెయ్యకు. మన రత్తమ్మత్తయ్య కూడా "ఏముందిలే, వాతం" అంటూనే మంచమెక్కింది, ఇక దిగలేదు. వావిలాకు మరిగించి కాపడం పెట్టుకో. మరిదిగారు షుగరు పరీక్ష చేయించుకున్నారా? నీ ముద్దుల కూతురు బిందు పరీక్షలు ఎలా రాసింది?

మేం ఇక్కడ క్షేమం. మీ బావగారు రిటైరయ్యాక ఈ కొత్త వెంచర్లో ఇల్లు కట్టారని నీకు తెలుసుగా. నూట ఇరవై ప్లాట్లకు నాలుగిళ్ళు. మిగతావన్నీ హద్దురాళ్ళే. ఫోను లైను ఇంకా రాలేదు. ఆయనకి పేపరు ఉంటే చాలు, మనిషి అక్కర్లేదు. నా సంగతి నీకు తెలియనిదేముంది? చీరాలలో ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరు కంటె ముందు నేనే వెళ్ళేదాన్ని. ఇక్కడికొచ్చి ఏడాదయింది, ఈ నాలుగిళ్ళలో ఒక్కరికైనా జలుబు చెయ్యలేదు. పరామర్శకు మొహం వాచిపోయాననుకో.

మా వెనక పొలం చెన్నయ్యది. ఆకుకూరలు పండించి ట్రాలీ ఆటోలో సిటీకి వేసుకెళ్తాడు. ఆయన భార్య చంద్రమ్మ వాళ్ళ గొడ్లచావడిలో పుట్టిన కుక్కపిల్లను నాకిచ్చింది. ఊరకుక్కే. తెల్లటి మొహంలో కళ్ళ చుట్టూ నల్లగా దిద్దినట్టు ఉంటుందని కాటుక అని పేరు పెట్టాను. ఇప్పుడు దానికి ఏడాది నిండింది.

అసలు సంగతి ఇది. పశువుల డాక్టరమ్మ మృదుల అని, చంద్రమ్మ వాళ్ళ గేదెలకు టీకాలు వెయ్యడానికి వచ్చింది. చంద్రమ్మ అత్తగారు అనంతమ్మ ఈమధ్యే తుంటి విరిగి మంచాన పడింది, ఇక్కడ నాకు దొరికిన పరామర్శ ఆవిడొక్కతే. కాటుక వెళ్ళి ఆవిడ పాదాల మీద తల పెట్టుకుని గంటసేపు అలాగే పడుకుంది. డాక్టరమ్మ దాన్ని చూసి, తాను నడిపే సంఘం గురించి చెప్పింది. కుక్కలకు తర్ఫీదిచ్చి, యజమానితో కలిపి పరీక్ష పెట్టి, పాసైన జంటకు కార్డు ఇస్తారట. ఆ కార్డుంటే తుక్కుగూడ దగ్గర పక్షవాతం వచ్చినవాళ్ళను ఉంచే ఆశ్రమానికి వారంవారం వెళ్ళవచ్చు. బయటివాళ్ళను గేటు దాటనివ్వని చోటు అది. నలభైమంది రోగులున్నారట, స్వరాజ్యం. నలభైమంది.

నాకు ఆ కార్డు కావాలి. ఎవరికీ అక్కర్లేని మనిషిగా ఈ హద్దురాళ్ళ మధ్య కూర్చోవడం నావల్ల కాదు.

ఆషాఢంలో ఒక వారం నీ దగ్గర ఉండిపోదామనుకుంటున్నాను. రానా?

నీ అక్కయ్య,
వరలక్ష్మి

*

చీరాల,
6 జులై 1998

ప్రియమైన అక్కయ్యకు,

నీ చెల్లి నమస్కారాలు. నీ ఉత్తరంలో ప్రశ్నలు లెక్కపెట్టి బిందు నవ్వింది. అది బాగానే రాసింది. మీ మరిదిగారి షుగరు అదుపులోనే ఉంది. నేనూ బాగానే ఉన్నాను.

కుక్కకి పరీక్ష, కుక్కతోపాటు నీకూ పరీక్ష. ఎస్సెల్సీ లెక్కల పేపరు చూసి కళ్ళు తిరిగి పడిపోయిన మా అక్కయ్య యాభై ఆరేళ్ళకి మళ్ళీ పరీక్ష రాస్తుందంటే నాకు ముచ్చటగా ఉంది. బాగా చదువుకో. కాటుక పక్కన కూర్చుంటే చూచిరాత రాయకు.

ఆషాఢంలో మాత్రం రాకు. వంటింటి గచ్చు తవ్వించేశాం. అడుగు పెట్టడానికి చోటు లేదు, వంట కూడా వరండాలోనే. పూర్తయ్యాక నేనే రాస్తాను.

ఉత్తరాలు మాత్రం మానకు. కాటుక ఏం నేర్చుకుందో అన్నీ రాయి. మధ్యాహ్నాలు నాకు ఈమధ్య బాగా తీరిక.

నీ చెల్లి,
స్వరాజ్యం

*

శంషాబాద్,
30 ఆగస్టు 1998

ప్రియమైన స్వరాజ్యానికి,

ఆశీస్సులు. నీ వంటింటి గచ్చు తాజ్‌మహల్ కన్నా ఆలస్యమయ్యేట్టుంది. మేస్త్రీ ఎవరు? మోసగాడేమో కనుక్కున్నారా?

నాకు ఒళ్ళు మండిపోతోంది, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

రెండు నెలలు కష్టపడ్డాం. ఆదివారం ఆదివారం చెన్నయ్య ఆటోలో, తోటకూర కట్టల మధ్య నేనూ కాటుకా కూర్చుని తర్ఫీదుకి రాజేంద్రనగర్ వెళ్ళేవాళ్ళం. వెనకాల స్టీలు పళ్ళెం ధడేల్మని పడేసినా అది ఉలిక్కిపడకూడదు. చంకకర్రలవాళ్ళు వచ్చినా, చక్రాల కుర్చీ వచ్చినా మొరగకూడదు. ఎవరైనా చెవి పట్టుకు లాగితే ఊరుకోవాలి. నేల మీద బిస్కట్టు పడున్నా ముట్టకూడదు. ఇంటి దగ్గర పళ్ళేలు పడేసి పడేసి వాటికి పడ్డ సొట్టలన్నీ చూసి మీ బావగారు, "ఇది కుక్కకి చదువా, సామానుకి చావా?" అన్నారు. చంద్రమ్మ అయితే, "ఏందక్కా, కుక్కకు పరీక్షేంది? గదేమన్న పదో తరగతా?" అంటూనే తన చంటిదాని చక్రాల బండి తెచ్చి చక్రాల కుర్చీలాగా తోసేది.

నిన్న పరీక్ష. ఆశ్రమం హాల్లోనే పెట్టారు. కాటుక అన్నీ నెగ్గింది. బిస్కట్టు వైపు చూడనైనా లేదు. తర్వాత, ముగ్గురు రోగుల దగ్గర తలా పది నిమిషాలు గడపమన్నారు. అదీ నాకు పరీక్షేనని నాకేం తెలుసు? అది నాకు వెన్నతో పెట్టిన విద్య అనుకున్నాను.

మొదటాయన్ని ఎన్నాళ్ళయిందనీ, ఏ చెయ్యి పడిపోయిందనీ, ముందే బీపీ చూపించుకోలేదా అనీ అడిగాను. మా పెదమామగారికి సరిగ్గా ఇలాగే వచ్చిందనీ, ఆయన నాలుగు నెలలు ఉన్నాడనీ చెప్పాను. ధైర్యం చెప్పడం కాదూ అది? రెండో ఆవిడకు ఏ తైలం రాసుకోవాలో చెప్పి, సంచిలోంచి రెండు బత్తాయిలు తీసి ఇచ్చాను. మూడో ఆమెది చిన్న వయసు, ముప్ఫై కూడా లేవు. చూడగానే నాకు దుఃఖం ఆగలేదు. కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చాను. పాపం ఆ అమ్మాయే నా భుజం తట్టింది.

మృదుల పక్కకు పిలిచి కాగితం చూపించింది. "కుక్క: ఉత్తీర్ణం. మనిషి: కాలేదు." జంటలో ఒకరు తప్పితే ఇద్దరూ తప్పినట్టేనట. జబ్బు గురించి అడగకూడదట, మందు చెప్పకూడదట, తినడానికేమీ పెట్టకూడదట, ఏడవకూడదట. "మీరు ఏం మాట్లాడకుండా కూర్చుంటే చాలమ్మా" అంది. ఏమీ అడగకుండా గోడలా కూర్చుంటే అది పరామర్శ ఎలా అవుతుంది? మన ఇళ్ళల్లో అలా కూర్చుంటే పొగరంటారు.

నా కూతురి వయసు పిల్ల నాకు పరామర్శ నేర్పింది. తలకొట్టేసినట్టయింది. నవంబరులో మళ్ళీ ఒకసారి రావచ్చట. రెండోసారీ తప్పితే ఇక ఆ గేటు నాకు మూసినట్టే.

దసరాకి నీ దగ్గరికి వస్తాను. నీతో చెప్పుకుంటేగాని ఈ మంట చల్లారదు. ఇంతకీ నీ ఒంట్లో ఎలా ఉంది? ఒక్క ముక్క కూడా రాయవేం?

నీ అక్కయ్య,
వరలక్ష్మి

*

చీరాల,
20 సెప్టెంబరు 1998

ప్రియమైన అక్కయ్యకు,

నమస్కారాలు. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, పడుకుని రాస్తున్నాను. మధ్యాహ్నపు బద్ధకం.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తర్వాత చాలాసేపు నవ్వలేదు. అక్కయ్యా, కోపగించుకోనంటే ఒక మాట. ఆ డాక్టరమ్మ చెప్పింది నిజం. నీ మనసు వెన్న, అది నాకు తెలుసు. మంచం మీద ఉన్నవాళ్ళకి అది తెలిసేలోపల నీ మాటలు వినాల్సి వస్తుంది.

నవంబరులో మళ్ళీ వెళ్ళు. మానెయ్యకు. నువ్వు పాసవడం నాకు కావాలి. ఎందుకని అడగకు.

దసరాకి రాకు. మీ మరిదిగారికి ఆఫీసులో తనిఖీ, బిందు హాస్టల్లో ఉంది, ఇల్లు ఇల్లులా లేదు.

ప్రేమతో,
స్వరాజ్యం

*

శంషాబాద్,
15 నవంబరు 1998

ప్రియమైన స్వరాజ్యానికి,

ఆశీస్సులు. రెండు నెలలు ఉత్తరం రాయలేదు. నీ మాటకి మొదట కోపం వచ్చింది. నాలుగు రోజులు మీ బావగారితో కూడా సరిగా మాట్లాడలేదు. ఆయన పేపరు ప్రశాంతంగా చదువుకున్నారు.

కోపం చంద్రమ్మ దగ్గర వెళ్ళగక్కాను. ఆవిడ గోంగూర కట్టలు కడుతూ అంతా విని, "కుక్క నోరు మూసుకొని కూసున్నది, గందుకే పాసైంది. నువ్వు గూడ జర నోరు మూసుకొని కూసోరాదక్కా" అంది. నేను మొహం ముడుచుకునేసరికి ఆవిడ చేతిలో పని ఆపింది. "తప్పు పట్టకు. నువ్వొచ్చి పోయిన దినం మా అత్త బువ్వ ముట్టదు. తుంటి ఇరిగినోళ్ళు ఇగ లేవరని నువ్వే చెప్తివి గద" అంది.

ఆర్నెల్లుగా రోజూ అనంతమ్మను చూడ్డానికి వెళ్తున్నాను, స్వరాజ్యం. రోజూ. పుణ్యం చేస్తున్నాననుకున్నాను. ఆ ముసలామె నా మూలంగా పస్తు పడుకుందని నాకెవరూ చెప్పలేదు. ఆ మాట విన్నాక ఇంటికొచ్చి వంట చెయ్యలేకపోయాను.

మర్నాడు కాటుకను తీసుకుని మళ్ళీ వెళ్ళాను. మంచం పక్కన కూర్చున్నాను. ఏమీ అనలేదు. నా నాలుక ఎంత దురద పెట్టిందో నీకు చెప్పలేను, చేతులు ఊరుకోవడం కోసం కాటుక వీపు నిమురుతూ కూర్చున్నాను. పది రోజులు అలాగే. పదకొండో రోజున అనంతమ్మే నోరు తెరిచింది. "దీని తల్లి గూడ గిట్లనే ఒక్క చెవి ఎత్తి ఇంటుండె" అంది. తర్వాత తన చిన్నప్పటి ఎద్దుల గురించి చెప్పింది, మహేశ్వరం సంతలో తన గాజులు పోయిన సంగతి చెప్పింది. నేను విన్నాను. ఆ రోజు జొన్నరొట్టె రెండు తిన్నదని చంద్రమ్మ చెబితే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ ఇంటికి వచ్చి ఏడ్చాను.

మొన్న శనివారం రెండో పరీక్ష. ఈసారి నా ఎదుట కుర్మయ్య అనే ఆయన్ని కూర్చోబెట్టారు. పూర్వం బస్సు డ్రైవరు. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. ఎన్నాళ్ళయిందని అడగబోయి మింగేశాను. కాటుక చక్రాల కుర్చీ దాకా నడిచి సరిగ్గా ఆగింది. ఆయన చాలాసేపు చూసి, "దీని బ్రేకులు మంచిగున్నయమ్మా, నేను తోలిన బండి కంటె నయం" అన్నాడు. నవ్వాను, అంతే. ఆయన ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి కాటుక తల మీద పెట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు ముగ్గురం అలాగే ఉన్నాం. వెళ్ళేటప్పుడు, "మళ్ళ వారం రా" అన్నాడు. నాకు ఆ మాట కుక్కతో అన్నాడో నాతో అన్నాడో తెలియదు, అడగలేదు కూడా.

పాసయ్యాం. కార్డు మీద ఇద్దరి ఫొటోలూ ఉండాలన్నారు. శంషాబాద్ స్టూడియోలో ఫొటో తీసే మల్లేశ్వర్, "ఇద్దరు జర నవ్వుర్రి" అన్నాడు. కాటుకే బాగా వచ్చింది.

నీ వంటింటి సంగతి, తనిఖీ సంగతి నేనిక అడగను. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడే వస్తాను. రమ్మనకపోయినా ఉత్తరాలు రాస్తూనే ఉంటాను.

నీ అక్కయ్య,
వరలక్ష్మి

*

చీరాల,
24 నవంబరు 1998

ప్రియమైన అక్కయ్యకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ప్రశ్నల కోసమే వెతికాను. ఒక్కటి కూడా లేదు. బిందును పిలిచి చూపించాను, అదీ నమ్మలేదు.

ఇక చెబుతాను. కూర్చుని చదువు. మే నెలాఖరున గుంటూరులో నాకు ఆపరేషనయింది. ఎడమ రొమ్ము తీసేశారు. తర్వాత ఐదు నెలలు మందులెక్కించారు. అవి పోయిన వారంతో అయిపోయాయి. డాక్టరు ఇక ఫరవాలేదన్నాడు, మూడు నెలలకోసారి చూపించుకుంటే చాలట. వంటింటి గచ్చు మన నాన్న వేయించిందే, చెక్కుచెదరలేదు. తనిఖీ లేదు, బిందు హాస్టలుకి వెళ్ళనూ లేదు.

నీకు చెప్పవద్దని అందరిచేతా ఒట్టేయించుకున్నాను. తప్పు నాదే, కానీ కారణం నువ్వు. పదేళ్ళ కిందట నాకు గర్భసంచి తీసినప్పుడు నువ్వు వచ్చి తొమ్మిది రోజులున్నావు. నాకు నీళ్ళు పోశావు, తల దువ్వావు, ఆ ఆపరేషన్లో పోయినవాళ్ళ పేర్లన్నీ చెప్పావు. వచ్చినవాళ్ళందరికీ నా కథ మొదటినుంచీ చెప్పి ఏడ్చావు. ఆ తొమ్మిది రోజులూ మంచం మీద పడుకుని నేను నిన్ను ఓదార్చాను, అక్కయ్యా. ఈసారి నాకు అంత ఓపిక లేకపోయింది.

కానీ నువ్వు లేకుండా ఉండటం కూడా బాగాలేదు. అది ఇన్నాళ్ళూ నీకు చెప్పుకోలేకపోయాను. మధ్యాహ్నం పూట ఒంటరిగా పడుకుని, కాటుక పళ్ళెం చప్పుడుకి అదరకుండా కూర్చున్న సంగతి చదువుకునేదాన్ని. అందుకే నువ్వు పాసవ్వాలని దేవుడికి మొక్కుకున్నాను. నా మొక్కుల్లో అదే మొదటిది, నా జబ్బు రెండోది.

జుట్టంతా పోయింది. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని అమ్మ అనేది కదా. మొదటి సగం నువ్వు నేర్చుకున్నావు, రెండో సగం నేను. చూసి కంగారుపడతావని ముందే చెబుతున్నాను.

వెంటనే బయల్దేరు. పళ్ళు తేకు, తైలాలు తేకు. బావగారికి చంద్రమ్మ రొట్టెలు చేసిపెడుతుందిలే.

రైల్లో కుక్కను ఎక్కనివ్వరేమోనని దిగులు పడకు. కాటుకను తీసుకురానక్కర్లేదు. అది మొదటిసారే పాసైంది. నాకు రెండోసారి పాసైన మనిషి కావాలి.

నీ కోసం చూస్తూ,
నీ చెల్లి స్వరాజ్యం