గెడ్డ దాటే దారి

నరసన్నపేట,
4-8-1968.

ప్రియమైన చెల్లి పరంజ్యోతికి,

ప్రభువు కాపుదలలో మేమిక్కడ కులాసా. శ్రీకాకుళంలో అమ్మా నాన్నా నువ్వూ అలాగే ఉన్నారని నమ్ముతూ నీ అక్క జ్ఞానసుందరి రాస్తున్నది.

నీ కార్డు నిన్న అందింది. కోరాడవలస మిషను బడిలో నీకు టీచరు ఉద్యోగం వచ్చిందని చదివి మీ బావకి రెండుసార్లు వినిపించాను. పన్నెండో తారీఖులోగా చేరకపోతే ఆ పోస్టు ఇంకొకరికి పోతుందన్నావు. ఈ ముసురులో ప్రయాణమేమిటని నాన్న అడ్డుపడుతున్నారన్నావు. అయిదేళ్ళ కిందట నేను వెళ్ళొచ్చిన దారే కదా, నేను చేరేసరికి అక్కడ నా పోస్టు రద్దయిపోయినా దారి మాత్రం తెలుసు కదా, చెప్పమని అడిగావు. చెప్తాను. కానీ ఇందులో నా తెలివి చిటికెడు కూడా లేదు. అంతా దాలమ్మది.

దాలమ్మ గాజులమ్ముకునే మనిషి. అప్పుడు రైల్లో కలిసింది. అప్పటికే యాభై దాటి ఉంటాయి. శ్రావణమాసంలోనే గాజులకి గిరాకీ కాబట్టి, వాన పడినా పిడుగు పడినా ఆమె ఊళ్ళు తిరగాల్సిందే.

బస్సు నమ్ముకోకు, రోడ్డు ఎక్కడ తెగిందో ఎవరికీ తెలియదు. ఆముదాలవలసలో పొద్దుటి పాసింజరు ఎక్కి నెల్లిమర్లలో దిగు, చవక కూడా. ట్రంకు పెట్టె ముట్టుకోకు. నా పెట్టె చూసి దాలమ్మ, "ఏటి టీచరమ్మా, కొలువుకెల్తన్నావా, కాపరానికెల్తన్నావా?" అని నవ్వింది. రెండు చీరలూ సర్టిఫికెట్లూ ఆయిల్ క్లాతులో చుట్టి తాడుతో గట్టిగా కట్టుకో. గొడుగు మొదటి గాలికే తిరగబడుతుంది. తాటాకు గిడుగు కొనుక్కో, నెత్తి నుంచి నడుము దాకా కప్పుతుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. వేయించిన అటుకులూ బెల్లమూ దగ్గరుంచుకో. చల్లారిన గారెలు చూసి నోరూరినా సరే, నీ కళ్ళ ముందు మరిగిన టీ తప్ప ఏదీ కొనకు, నీ కడుపు సంగతి నాకు తెలుసు. నెల్లిమర్ల నుంచి నడకే. రామతీర్థంలో చీకటి పడితే దాలమ్మ పేరు చెప్పు. ఏ ఇంటి అరుగైనా ఇస్తారు, ఆమె చెయ్యి పట్టి గాజులు వెయ్యని ఆడపిల్ల అక్కడ లేదు.

ఇక అసలు సంగతి, కోరాడవలసకి ఇవతల గెడ్డ. మేం చేరేసరికి వాగంతా ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. దాలమ్మ నీళ్ళ అంచున ఒక పుల్ల గుచ్చి, బుట్ట పక్కన పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు పుల్ల దాటి పైకొస్తే వెనక్కి వెళ్ళిపోవాలట. పుల్ల విడిచి బాగా కిందికి దిగితే అప్పుడు చూడాలట. నేను కంగారు పడుతుంటే, "గెడ్డకేటి తొందర? మనకే తొందర. అది దిగినాక ఎల్దాం" అంది. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది. నీళ్ళు దిగాక చీర ఎగ్గట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని, కర్రతో నేల తడుముకుంటూ నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి నాకు చెయ్యి చాపింది. అంత ఓపికా అంత ధైర్యమూ ఒక్క మనిషిలో నేను మళ్ళీ చూడలేదు. నువ్వు మాత్రం ఒంటరిగా దిగకు, దారి తెలిసిన మనిషి వచ్చేదాకా ఆగు.

ఆమె ఇంకా ఆ దారిలో తిరుగుతూ ఉంటే రెండు డజన్ల గాజులు వేయించుకో. నాన్నకి ఈ ఉత్తరం చదివి వినిపించు, ఒప్పుకుంటారు.

ఎప్పుడూ నీ మేలు కోరే
అక్క,
జ్ఞానసుందరి.

తా.క.: కవరు అంటించి మళ్ళీ చింపాను. ఇది నాన్నకి చదవకు. నా పోస్టు రద్దు కాలేదు. దాలమ్మ చాపిన చెయ్యి నేను పట్టుకోలేదు. "రా టీచరమ్మా, నానున్నాను కదా" అని ఎంతోసేపు పిలిచింది. నీళ్ళు ఆమె మోకాళ్ళకి కూడా రాలేదు. నేను ఒడ్డునుంచే తిరిగి వచ్చేసి ఇంట్లో అబద్ధం చెప్పాను. అక్కడి హెడ్మాస్టారు కృపానిధి గారు నీ ఇంటిపేరు చూసి, అప్పట్లో వస్తానని రాసి రాని అమ్మాయి నీకేమవుతుందని అడుగుతారు. మా అక్క అని చెప్పు. భయపడి వెనక్కి వెళ్ళిపోయిందని కూడా చెప్పు.