రెండుసార్లు చెప్పిన ఏనుగు

పెద్దమ్మాయికి నాన్న దీవెనలు. నా బుర్ర బంగారంలా ఉందని డాక్టరమ్మ తేల్చేసింది! తమ్ముడి ఉత్తరం చూసి ఏడుస్తున్న మీ అమ్మకు ముందు ఈ మాట చెప్పు.

రెండు భాషలు మాట్లాడే ముసలివాళ్ల జ్ఞాపకశక్తి కొలుస్తున్నారని వాడు నన్ను ఆసుపత్రికి లాక్కెళ్లాడు కదా, వాళ్ల ప్రశ్నలతో ప్రాణం విసిగిపోయిందనుకో. "తాతగారూ, ఏ భాష ఎంత మాట్లాడేవారు? వందలో ఎంత?" అని ఒక అమ్మాయి. "బస్సులో ఎవరు ఏ భాషలో తిడితే ఆ భాషలోనే జవాబు చెప్పేవాణ్ణమ్మా, దానికి లెక్కేముంటుంది?" అన్నాను. తర్వాత ఒక్క నిమిషంలో వీలైనన్ని జంతువుల పేర్లు చెప్పమంది. కండక్టరుగా ప్రతి స్టాపునూ రెండు భాషల్లో కేకేసిన నోరాయె, భాషకొకసారి చొప్పున ఏనుగును రెండుసార్లు, గుర్రాన్ని రెండుసార్లు చెప్పుకుంటూ పోయాను. ఆ పిల్ల ఒక్కోదాన్ని ఒకసారే లెక్కేసి, మతిమరుపు మొదలైందని రాసిపారేసింది. దాంతో మీ తమ్ముడు, "ఇక నువ్వు ఒంటరిగా బస్సెక్కడానికి వీల్లేదు నాన్నా" అన్నాడు. నాతోనా ఆ మాట! నిన్న డాక్టరమ్మ సంగతి విని పడీ పడీ నవ్వి, ఒక్క భాషలోనే చెప్పమంది. అడవంతా ఖాళీ చేసేశాను తల్లీ!

పెరటి కుళాయి బాగు చేయించారా? నా కళ్లజోడు అక్కడే మరిచి వచ్చాను, అలమరలో చూడు. ఈ కళ్లజోడు సంగతి మాత్రం తమ్ముడికి చెప్పకు. శుక్రవారం పొద్దుటి బస్సుకు ఒక్కణ్ణే వస్తున్నాను. అల్లుడికీ పిల్లలకీ ఆశీస్సులు. స్టాండుకు ఎవరూ రానక్కర్లేదు. మీ అమ్మ వస్తానంటే మాత్రం ఆపకు.

నాన్న