జిమ్‌లో కొయ్య తుపాకులు

1983 అక్టోబరు 3, సోమవారం

ప్రిన్సిపాల్ పిలిచారు. నాతో పాటు పీఈ, అంటే వ్యాయామం, చెప్పే హెండర్సన్‌కి నడుం ఆపరేషనట. క్రిస్మస్ దాకా రాడు. ఏడో తరగతికి ఏటా అతను చెప్పే వేట, తుపాకి జాగ్రత్తల పాఠాలు ఈసారి నేను చెప్పాలి. వాలీబాల్ లాంటిదే అనుకోమన్నారు, నవ్వుతూ.

గుంటూరులో డ్రిల్లు టీచరుగా మొదలుపెట్టాను. ఈ దేశం వచ్చి బాస్కెట్‌బాల్ నేర్పాను. ఇప్పుడు జింకను ఎక్కడ గురిచూడాలో నేర్పాలి.

ప్రభువా, ఓర్పు.

అక్టోబరు 8

ఫైర్ స్టేషన్ హాల్లో టీచర్లకు శిక్షణ. చెప్పినవాడు గేమ్ వార్డెన్— అడవిలో వేట నిబంధనలు చూసే ఆఫీసరు. చీర మీద స్వెటరుతో నేనొక్కదాన్నే. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఒక్కమాట పట్టుకొచ్చాను. తుపాకి గొట్టం మనిషి వైపు తిరగకూడదు. ఖాళీదైనా సరే, కొయ్యదైనా సరే. పరీక్షలో ఒక్కసారి తిరిగితే ఫెయిల్.

అక్టోబరు 24

మొదటి క్లాసు. పెట్టెనిండా కొయ్య తుపాకులు. పంచి ఇంకా వెనక్కి తిరగనే లేదు— బ్యాంగ్, బ్యాంగ్. కెవిన్ బాస్కెట్‌బాల్ రింగుకు గురిపెట్టాడు, తర్వాత గోడ మీది గడియారానికి, తర్వాత నాకు. అన్నీ లాక్కుని అందర్నీ జిమ్ చుట్టూ పరిగెత్తించాను. ఎలాగూ పీఈ పీరియడే కదా.

మా తమ్ముడి కూతురు రూతు కూడా నా క్లాసే. బడిలో మేనత్తను మిస్ రత్నం అనాలని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాను... మర్చిపోయి అత్తా అంది. గంట కొట్టేలోగా క్లాసంతా "అట్టా, అట్టా."

అక్టోబరు 27

ఏది చెప్పినా ఒకటే జవాబు— మా నాన్న అలా చెయ్యడు.

మీ నాన్నకి పరీక్ష పెట్టడం లేదన్నాను.

నవంబరు 1

తమ్ముడు ప్రసాద్ రైఫిల్ కొనుక్కొచ్చాడు. ఎక్కడ పెట్టాలని ఇంట్లో గొడవ. ప్రార్థన గదిలో అల్మైరాకి తాళం ఉంది కదా అన్నాడు. మరదలు సరోజ నావైపు చూసింది. బేస్‌మెంట్‌లో పెట్టించాను.

ఈ ఊళ్లో వేటకెళ్లనివాణ్ణి మనిషిలా చూడరట. వాడిలా డాక్టరైనా సరే. థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం జింకల వేట మొదలు, బడికి కూడా సెలవు. రూతుకి పన్నెండు నిండాయి— ఈ ఏడు తనూ వెళ్లొచ్చు, నా క్లాసు పాసైతే. ఏటా ఆ మర్నాడు, మంగళవారం, బడిలో అందరూ చెప్పుకునే కబుర్లలో తనకంటూ ఒక్కటీ లేదని రూతు బాధ. అది నాకు తెలుసు. రోజూ వింటున్నాను.

నవంబరు 10

ప్రాక్టికల్ పరీక్ష, రెండో రోజు. నిన్న కెవిన్ గొట్టం పక్కపిల్ల మీదికి తిప్పాడు, ఫెయిల్ చేశాను. రాత్రే వాళ్లమ్మ ఫోను. ఓపిగ్గా విన్నాను.

ఈ రోజు రూతు. కంచె దాటడం బాగుంది. తుపాకి తెరిచి ఖాళీదని చూపించడం బాగుంది. స్నేహితురాలికి అందించింది, బాగుంది. ఇక నాకివ్వాలి. ఎడమచేతిలో ఉంది, గొట్టం పైకే ఉంది. నా మొహం చూసింది... చెయ్యి మార్చింది. కుడిచేత్తో ఇచ్చింది, తల కొంచెం వంచి. ఆ మార్చడంలో గొట్టం కిందికి దిగి, వరసలో నిలబడ్డ పిల్లలందరి ఛాతీల మీదుగా వచ్చింది.

పెద్దవాళ్లకు ఎడమచేత్తో ఇవ్వకూడదు. పాలగ్లాసు పట్టుకోవడం వచ్చినప్పటినుంచీ చెప్పింది నేనే.

ఫెయిల్ రాశాను. కెవిన్ చూస్తున్నాడు. ఇంకేం రాయను?

నవంబరు 11

భోజనాల దగ్గర ప్రసాద్.

"కొయ్య తుపాకికి కూడా ఫెయిలేనా అక్కా?"

కొయ్య తుపాకికే అన్నాను.

"ఆ కుడిచెయ్యి సంగతి నూరిపోసిందెవరు? నువ్వు నేర్పిన మర్యాదకి నువ్వే ఫెయిల్ చేస్తావా?"

అన్నం కలుపుతూ కూర్చున్నాను. మన పిల్ల, ఒక్క సంతకం, ఎవరడుగుతారు... ఇంకా చాలా అన్నాడు. కెవిన్ వాళ్లమ్మ అడుగుతుంది.

రూతు నా గ్లాసులో నీళ్లు పోసింది, కుడిచేత్తో. అదే కష్టం.

నవంబరు 14

ప్రసాద్ మాట్లాడడం లేదు. కుటుంబ ప్రార్థనకి వచ్చాడు, పాట పాడాడు, నావైపు చూడకుండా ఆమెన్ అన్నాడు.

నవంబరు 16

ఫెయిలైనవాళ్లకి శనివారం మళ్లీ పరీక్ష. బేస్‌మెంట్‌లో చీపురుకర్రతో రూతుకి నేర్పుతున్నాను. నేను చెయ్యి చాపితే చాలు, చెయ్యి మారుస్తుంది. మళ్లీ. మళ్లీ. కళ్లనీళ్లు పెట్టుకుంది.

"లెఫ్ట్ హ్యాండ్‌తో నీకివ్వడం నాకు రావట్లా అత్తా. ఇట్ ఫీల్స్ రూడ్."

"నాకు మర్యాద అక్కర్లేదు. గొట్టం పైకుంటే చాలు."

మళ్లీ.

నవంబరు 19

నేను పెట్టను, మీరే పెట్టండని వార్డెన్‌ని పిలిచాను. ఆయనా పెద్దవాడే. రూతు ఎడమచేత్తో ఇచ్చింది, గొట్టం కప్పువైపే. పాస్. కెవిన్ కూడా పాసయ్యాడు. నన్ను చూసి "థాంక్యూ అట్టా" అన్నాడు. వెటకారమో కాదో.

వేటకు వెళ్లొచ్చనే కార్డు మీద సంతకం చేశాను. రూతు ఫెయిలవ్వాలని లోపల కోరుకున్నానా? ఆ ప్రశ్న ప్రభువు ఈ రోజు అడక్కుండా ఉంటే బాగుండు.

ప్రసాద్ మాట్లాడాడు. కాఫీ కలిపి తెచ్చిచ్చాడు.

నవంబరు 24, థ్యాంక్స్‌గివింగ్

హాస్పిటల్ స్నేహితులు భోజనానికి వచ్చారు. టర్కీ, పులిహోర, కోడికూర, అన్నీ సరోజే. తిన్నాక ప్రసాద్ రైఫిల్ పైకి తెచ్చాడు. వాళ్లకి చూపిస్తూ ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. గొట్టం సరోజ మెడ మీదుగా వెళ్లింది. ఆమె గిన్నెలు తీస్తోంది, చూడలేదు.

"డాడీ. మజిల్," అంది రూతు. గొట్టానికి క్లాసులో మేం వాడే మాట.

ఖాళీదేనమ్మా అని నవ్వాడు. అందరూ నవ్వారు. రూతు నావైపు చూసింది.

నవంబరు 25

పొద్దున్నే చెప్పాను. "నా క్లాసులో ఉంటే నిన్ను ఫెయిల్ చేసేదాన్ని ప్రసాద్."

"నేను సర్జన్‌ని అక్కా. నా చెయ్యి వణకదు."

వణుకు గురించి ఎవరన్నారు.

వాడూ పెద్దవాళ్ల సాయంత్రం క్లాసుకి వెళ్లి పాసయ్యాడట. ఎవరు పాస్ చేశారో. ఎలా చేశారో ఊహించగలను— డాక్టరు గారు కదా.

నవంబరు 27, ఆదివారం

రూతుని పంపొద్దని సరోజతో అన్నాను. మీరే సంతకం పెట్టారు కదా వదినా అంది. నిజమే.

రూతుని నా గదిలోకి పిలిచాను. నాన్నతో వెళ్లకపోతే ఏం అన్నాను.

"నేను వెళ్లకపోతే డాడీకి మజిల్ అని ఎవరు చెప్తారు?"

పన్నెండేళ్లు.

నవంబరు 28, సోమవారం

చీకటితోనే వెళ్లారు. నారింజ రంగు కోట్లు, ఇద్దరివీ. రూతు ముందు సీట్లో, నిటారుగా. ప్రసాద్ హారన్ కొట్టి మరీ వెళ్లాడు, పండక్కి వెళ్తున్నట్టు.

తెల్లవారింది. కొండవైపు నుంచి చప్పుళ్లు మొదలయ్యాయి. ఊరంతటికీ తుపాకులున్నాయి, ఏది ఎవరిదో తెలియదు.

సరోజ నైట్‌గౌను మీద శాలువా కప్పుకుని వచ్చింది. "వదినా, ప్రార్థన చెయ్యండి."

మోకరించాం. రూతు కోసం అడగడం వచ్చు. ప్రసాద్ కోసం ఏమని అడగాలి... వాడి చెయ్యి పట్టుకోమనా? ఆ పని పన్నెండేళ్ల పిల్లకి అప్పగించి పంపాం.

సరోజ కళ్లు మూసుకుని ఎదురుచూస్తోంది. మొదటి మాట రావడం లేదు.

మళ్లీ చప్పుడు. ఈసారి రెండు, వెంటవెంటనే. "ప్రభువా, గొట్టం పైకుండనీ," అన్నాను.